అమ్మ చదివిన పాఠం

మనిషి తన జీవితంలో నేర్చుకొనే విషయాలలో చాలా భాగం ఎవరో కూర్చోబెట్టి చెప్పినవి కావు, చూసి నేర్చుకొన్నవి. అన్నకు మీసం మొలవటం, అక్క ఓణీ వేసుకోవటం, నెలలు నిండే కొద్దీ వదిన నడక మారటం, చంటిబిడ్డకు తల్లి పాలివ్వటం, ఆసుపత్రి గోడకు వేలాడే పటం - ఇవన్నీ చూపు ఉన్న పిల్లలకు అడగకుండానే పాఠాలు చెప్తూ ఉంటాయి. వాటిలో పొరపాటు పాఠాలు కూడా ఉండవచ్చు. అయినా స్త్రీ పురుషుల శరీరాలు ఎట్లా ఉంటాయో, వయస్సుతో పాటు ఎట్లా మారుతాయో వారికి స్థూలంగానైనా తెలుస్తుంది. పుట్టుకతో చూపు లేని పిల్లలకు ఈ పాఠాలు అందవు. వారికి లోకం ముఖ్యంగా రెండు దారులలో అందుతుంది. ఒకటి చెవికి వినిపించే మాట, రెండవది చేతికి తగిలే వస్తువు. ప్రత్యుత్పత్తి ఆరోగ్యం విషయంలో మన సమాజం ఆ రెండు దారులనూ మూసివేసింది. ఆ మాట ఎత్తకూడదు. ఆ వస్తువు ముట్టుకోకూడదు. అందువల్ల తల్లిదండ్రులు మౌనం వహిస్తే చూపు ఉన్న బిడ్డకు సగమైనా తెలుస్తుంది. చూపు లేని బిడ్డకు ఏమీ తెలియదు.

ఈ మాట నేను ఊహించి చెప్పటం లేదు. నేనూ, నాకంటె మూడేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడూ పుట్టుకతోనే చూపు లేనివాళ్ళం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. అమ్మ ఎనిమిదవ తరగతితో చదువు చాలించి, ఇంట్లో కుట్టుమిషను మీద రవికెలు కుట్టేది. వారిద్దరూ లోకాన్ని మా చేతికి అందించిన తీరు తలచుకొంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. వరి కంకి, బావి గిలక, దూడ నుదురు, గుడి ధ్వజస్తంభం - ఏదైనా సరే, పేరు చెప్పి, చేతిని తీసుకువెళ్ళి దాని మీద పెట్టేవారు. పేరు లేని వస్తువు, వస్తువు లేని పేరు మా ఇంట్లో ఉండేవి కావు. శరీరం విషయంలో కూడా వారు ఆ నియమం తప్పలేదు. ఆ ఒక్క విషయంలో తప్పకపోవటం ఎంత కష్టమో నాకు పెద్దయిన తరువాతగాని తెలియలేదు.

నాకు పదకొండేళ్ళ వయస్సులో, 1990 వేసవి సెలవులలో, అమ్మ ఆరోగ్య ఉపకేంద్రంలోని నర్సమ్మ దగ్గరకు వెళ్ళి ముందుగా తన సందేహాలు తీర్చుకొన్నది. అమ్మకు తన చిన్నతనంలో ఎవరూ ఏమీ చెప్పలేదు. రజస్వల అయిననాడు లంగాకు అంటిన ఎరుపు చూసి, ఎక్కడో గాయమైందని ఏడ్చిందట. "నేను ఎరుపు చూసి భయపడ్డాను. నా బిడ్డకు ఆ ఎరుపు కూడా కనిపించదు. తడి మాత్రమే తెలుస్తుంది. ఏ తడో తెలియక ఎవరినీ అడగలేక కుమిలిపోతుంది" అని ఆమె నర్సమ్మతో అన్నదట.

తరువాత అమ్మ తన కుట్టుమిషను దగ్గర కూర్చున్నది. పాత నూలు చీర ముక్కలతో, లోపల దూది కూరి, తలకిందులుగా పట్టుకొన్న జామకాయ ఆకారంలో ఒక సంచీ కుట్టింది. అది నా పిడికిలంత ఉన్నది. పైభాగంలో రెండు పక్కల నుండి రెండు సన్నని నాడాలు. ఒక్కొక్క నాడా చివర గుడ్డలో కట్టిన బాదంపప్పు. "ఈ సంచీ గర్భాశయం. ఈ నాడాలు అండవాహికలు. ఈ బాదంపప్పులు అండాశయాలు" అని ఒక్కొక్కదాని మీద నా వేలు పెట్టి చెప్పింది. సంచీ లోపల మెత్తని మల్లుగుడ్డ పొర ఒకటి కుట్టీ కుట్టనట్లు అమర్చింది. "నెలనెలా ఒక అండం విడుదల అవుతుంది. బిడ్డ వస్తే పడుకొనేందుకు గర్భాశయం ఈ మెత్తని పొరను పరిచి ఉంచుతుంది. బిడ్డ రాకపోతే ఆ పక్క తీసివేసి, మళ్ళీ కొత్తది పరుస్తుంది. పాత పొర రక్తంతో కలిసి బయటకు వస్తుంది. అదే బహిష్టు. అది జబ్బు కాదు, గాయం కాదు, మైల అంతకన్నా కాదు" అని చెప్పి ఆ పొరను నా చేతనే బయటకు లాగించింది. వెలుతురులో గీసిన పటాలు చూసినవారికంటె నాకే ఆ సంగతి బాగా తెలిసిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ పైన నేర్పవలసినవి ఆచరణకు సంబంధించినవి. బహిష్టు రక్తం చేతికి నీటిలాగ ఉండదు, కొంచెం జిగురుగా ఉంటుంది. దాని వాసన వేరు. గుడ్డను ఎట్లా మడవాలి, ఏ వైపు పైకి రావాలి, తడిగా అనిపించినా అనిపించకపోయినా నాలుగు నుండి ఆరు గంటలకు ఒకసారి ఎందుకు మార్చాలి, సబ్బుతో ఉతికి ఎండలోనే ఎందుకు ఆరవేయాలి - ఇవన్నీ రంగు నీళ్ళతో, మడత గుడ్డలతో ముందుగానే సాధన చేయించింది. రోజులు లెక్క పెట్టుకొనేందుకు పూసల దండ ఒకటి గుచ్చి ఇచ్చింది. రోజుకొక పూస జరపాలి. బహిష్టు వచ్చిన రోజున గుర్తుగా ఒక ముడి వేయాలి. సాధారణంగా 21 నుండి 35 రోజులకు ఒకసారి వస్తుందనీ, తొలి రెండు సంవత్సరాలు ఆ లెక్క అటూ ఇటూ కావచ్చుననీ, ఒక్కొక్కసారి పోయే రక్తం రెండు మూడు పెద్ద చెంచాలకు మించదనీ నర్సమ్మ చెప్పిన మాటలను అమ్మ కంఠస్థం చేసి నాకు అప్పగించింది. రక్తం ఎంత పోతున్నదో కంటితో చూసుకోలేను కనుక, మార్చిన గుడ్డల సంఖ్యే నాకు కొలత. గంటకొకటి తడిసిపోతుంటే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు వెళ్ళాలని హెచ్చరించింది.

మరుసటి ఏడాది నేను రజస్వల అయినప్పుడు నాకు భయం కలగలేదు. నాయనమ్మ చాప వేసింది, చిమ్మిలి దంచి పెట్టింది, పేరంటాళ్ళు పాటలు పాడారు. ఆ సందడి నాకు నచ్చింది. కాని ఆ మధ్యలోనే నాయనమ్మ, "ఇకమీదట ఆ మూడు రోజులూ దేన్నీ ముట్టుకోకూడదు" అన్నది. అప్పుడు అమ్మ అత్తగారి ఎదుట మొదటిసారి నోరు విప్పింది. "అత్తయ్యా, కళ్ళున్న పిల్లను ముట్టుకోవద్దంటే అదొక ఆచారం. ఈ పిల్లను ముట్టుకోవద్దంటే కళ్ళు మూసుకొని మూల కూర్చోమన్నట్లే. దాని చూపంతా చేతుల్లోనే ఉంది" అన్నది. నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఏ నెలలోనూ మా ఇంట్లో ఆ మాట వినిపించలేదు.

దాదాపు ఆ రోజులలోనే మరొక బంధువు ఇంతకన్నా కఠినమైన సలహా ఇచ్చింది. "గుడ్డిపిల్లకు నెలనెలా ఈ బాధ ఎందుకు? గర్భసంచి తీయించివేస్తే మీకూ సుఖం, దానికీ సుఖం" అన్నది. ఆమె దుర్మార్గురాలు కాదు; జాలితోనే అన్నది. ఆ ఆలోచన ఎంత దూరం పోగలదో 1994లో దేశం చూసింది. ఆ ఏడాది మహారాష్ట్రలో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, మేధో వైకల్యం గల కొందరు యువతులకు గర్భాశయాలు తొలగించిన ఉదంతం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. అమ్మ ఆ బంధువుకు ఇచ్చిన సమాధానం చాలా చిన్నది: "దాని శరీరం దానిది. గుడ్డ మార్చుకోవటం నేర్పితే సరిపోయేదానికి కోత ఎందుకు?"

చూపు లేని పిల్లలకు నేర్పవలసినవాటిలో అన్నిటికంటె కష్టమైనది చూపును గురించే. చేయి చాచితే తగిలేంత మేర మాత్రమే నాకు లోకం. దూరాన ఉన్నవారికి నేను కనిపిస్తానన్న సంగతి నాకు సహజంగా తెలిసేది కాదు. అడుగుల చప్పుడు లేకపోతే గదిలో ఎవరూ లేరనే అనుకొనేదాన్ని. అమ్మ నన్ను పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి, తాను వీథి చివరకు పోయి, నేను ఏ చేయి ఎత్తానో కేకవేసి చెప్పింది. అంత దూరం నుండి మనిషిని మనిషి పట్టుకోగలడని నాకు ఆనాడు అర్థమైంది. అప్పటి నుండి బట్టలు మార్చుకొనే ముందు తలుపు గడియ వేసి చేత్తో తడిమి చూడటం, కిటికీ రెక్కలు మూయటం, రాత్రివేళ లోపల దీపం వెలుగుతుంటే బయటివారికి లోపలి మనిషి స్పష్టంగా కనిపిస్తుందని గుర్తుంచుకోవటం అలవాటయింది. మరుగు అనే భావం చూపు ఉన్నవారికి దానంతట అదే వస్తుంది. మాకు దానిని నేర్పవలసి ఉంటుంది. సిగ్గు పెట్టి కాదు, కారణం చెప్పి.

తమ్ముడి బాధ్యత నాన్నగారు తీసుకొన్నారు. వినాయక చవితికి విగ్రహం చేసే బంకమట్టితోనే ఆయన వాడికి పురుష శరీర నిర్మాణం నేర్పారు. గొంతు మారుతుందనీ, మీసాలు గడ్డాలు వస్తాయనీ, ఒక్కొక్క రాత్రి నిద్రలో బట్టలు తడవవచ్చుననీ, దానివల్ల బలం పోదనీ, బజారులో అమ్మే చూర్ణాలేవీ అవసరం లేదనీ చెప్పారు. గడ్డం గీసుకోవటం వేళ్ళతో చర్మం తడిమి చూసుకొంటూ ఎట్లా చేయాలో నేర్పారు. నలుగురిలో ఎక్కడ చేతులు పెట్టుకోకూడదో కూడా చెప్పారు. ఎదుటివారు ముఖం చిట్లిస్తే అది వాడికి కనిపించదు కదా! ఆయన వాడికి చెప్పిన ఒక మాట నేను గోడ అవతల నుండి విన్నాను. "ఒక అమ్మాయికి నీ మాట ఇష్టమో కాదో ఆమె ముఖం చూసి నువ్వు తెలుసుకోలేవు. కాబట్టి అడగాలి. ఔనని నోటితో చెపితేనే ఔను. మౌనాన్ని ఔననుకోకు." ఆ మాట చూపు లేనివారికి మాత్రమే వర్తించేది కాదని ఈ పాఠం చదివే యువతీయువకులకు నేను వేరుగా చెప్పనవసరం లేదు.

నా చదువులో ఒక సంఘటన ఇక్కడ చెప్పాలి. ఏడవ తరగతి వరకు నేను చూపు లేని పిల్లల ఆశ్రమ పాఠశాలలో చదివి, ఆ తరువాత మా ఊరి ఉన్నత పాఠశాలలో చేరాను. పదవ తరగతి జీవశాస్త్రం నాకు బ్రెయిలు లిపిలో దొరకలేదు. కళాశాలలో చదివే మా బంధువుల అబ్బాయి ఒకడు పుస్తకమంతా చదివి క్యాసెట్లలో నింపి ఇచ్చాడు. ప్రత్యుత్పత్తి పాఠంలో పువ్వుల సంగతి, పరాగ సంపర్కం సంగతి చక్కగా చదివాడు. అక్కడితో ఆ పాఠం ఆగిపోయి, వెంటనే తరువాతి పాఠం మొదలయింది. మానవ ప్రత్యుత్పత్తికి సంబంధించిన పుటలు అతడు చదవలేదు. తరగతిలో ఉపాధ్యాయుడు కూడా ఆ పుటలను ఇంటి దగ్గర చదువుకొమ్మని వదలివేశాడు. చూపు ఉన్న నా తోటివారు ఆ రాత్రే పుస్తకం తెరిచి ఉంటారు. నాకు తెరవటానికి పుట లేదు.

ఆ సంగతి అమ్మకు చెప్పాను. ఆ రాత్రి అందరూ పడుకొన్న తరువాత ఆమె వంటింట్లో దీపం దగ్గర కూర్చుని, టేప్ రికార్డరు ముందు పెట్టుకొని, ఆ పుటలు తానే చదివింది. ఎనిమిదవ తరగతి చదివిన మనిషి. కొన్ని మాటలు ఆమె నోటికి కొత్త. 'శుక్రకణం' దగ్గర ఆమె గొంతు ఆగింది. 'ఫలదీకరణం' రెండుసార్లు తప్పి మూడవసారి సరిగా పలికింది. పుస్తకంలో 'పటము చూడుము' అని ఉన్నచోట చదవటం ఆపి, "ఇక్కడ బొమ్మ ఉంది తల్లీ. ఇది నేను కుట్టిన సంచీయే. ఎడమ చేత్తో పట్టుకో. ఇప్పుడు కుడివైపు నాడా మీద వేలు పెట్టు" అని చెప్పుకొంటూ పోయింది. పుస్తకంలోని చివరి భాగంలో ఎయిడ్స్ గురించి, అది అంటుకొనే మార్గాల గురించి ఉన్నది. దానిని కూడా ఒక్క వాక్యం వదలకుండా చదివింది. ఆ ఏడాది పరీక్షలో ఆ పాఠం నుండి ప్రశ్న రాలేదు. కాని జీవితంలో దాని అవసరం నాకు చాలాసార్లు వచ్చింది.

చూపు లేనివారి చేయిని లోకం అడగకుండానే పట్టుకొంటుంది. రోడ్డు దాటించేందుకు, బస్సు ఎక్కించేందుకు, కుర్చీ చూపించేందుకు ఎవరో ఒకరు మమ్మల్ని తాకుతూనే ఉంటారు. వారిలో నూటికి తొంభైమంది మంచివారే. కాని ఏ స్పర్శ సహాయమో, ఏ స్పర్శ అపచారమో తెలియాలంటే ముందు శరీర భాగాల పేర్లు తెలియాలి. పేరు తెలియని చోట జరిగిన అన్యాయాన్ని బిడ్డ చెప్పలేదు. అందుకే అమ్మ మాకు ప్రతి అవయవానికీ సరియైన పేరు నేర్పింది. నాన్నగారు మరొక పద్ధతి నేర్పారు. "మీ చేయి ఎవరికీ ఇవ్వకండి. సాయం చేసేవారి మోచేతిని మీరే పట్టుకోండి. పట్టుకొన్నది మీరైతే వదలివేయటం కూడా మీ చేతిలోనే ఉంటుంది." చూపు లేనివారికి నడక నేర్పే శిక్షకులు కూడా ఈ పద్ధతినే బోధిస్తారు. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 సంవత్సరాల లోపు బాలబాలికలందరికీ రక్షణ కల్పిస్తున్నది. బిడ్డ వైకల్యాన్ని ఆసరాగా తీసుకొని చేసే లైంగిక దాడిని ఆ చట్టం మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. పిల్లల సహాయం కోసం 1098 అనే సంఖ్య ఉన్నది. కాని చట్టం దాకా పోవాలంటే మొదట బిడ్డ నోట మాట రావాలి; ఆ మాటను ఇవ్వవలసినది ఇల్లు.

నాకు ఇరవై ఏళ్ళు దాటిన తరువాత అమ్మ చివరి పాఠం చెప్పింది. అన్నిటికంటె బరువైన పాఠం అదే. మా మేనమామ కొడుకుతో నా పెళ్ళి జరిపించాలని పెద్దలు అనుకొంటున్న రోజులవి. మా అమ్మకు నాన్నగారు స్వయానా మేనమామ. మా కంటి జబ్బుకూ ఆ పెళ్ళికీ ఉన్న సంబంధాన్ని హైదరాబాదులో ఒక నేత్రవైద్యుడు వారికి అప్పటికి కొద్ది కాలం క్రితమే వివరించాడు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అష్టాచెమ్మా ఆడే చింతగింజలు తీసింది. కొన్ని నిండు గింజలు, కొన్ని ఒక వైపు అరగదీసినవి. "ఈ గుణం మనిషిలో జంటగా ఉంటుందట. నాలో ఒక నిండు గింజ, ఒక అరిగిన గింజ ఉన్నాయి. మీ నాన్నలోనూ అంతే. ఒక్క నిండు గింజ ఉన్నా చూపుకు లోటు రాదు. అందుకే మా ఇద్దరికీ కళ్ళు కనిపిస్తాయి. మా ఇద్దరిదీ ఒకే రక్తం కాబట్టి అరిగిన గింజ కూడా ఒకటే అయింది. మా ఇద్దరి నుండి చెరొక గింజ తీసి చూడు" అన్నది.

నేను తీశాను. రెండు నిండు గింజలు, ఒక నిండు, ఒక అరిగినది, ఒక అరిగినది, ఒక నిండు, రెండూ అరిగినవి. నాలుగు విధాలలో ఒక విధం. పుట్టే ప్రతి బిడ్డ విషయంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. నేనూ తమ్ముడూ ఆ ఒక వంతులోనే పుట్టాము. "అప్పుడు మాకు ఈ సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిసి కూడా నీకు చెప్పకపోతే నేను నీకు ద్రోహం చేసినదాన్ని అవుతాను. మీరు పుట్టటం పొరపాటని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. నీ జీవితం గురించి నిర్ణయం నువ్వే తీసుకో" అన్నది. ఆ గింజ లేనివానిని నేను పెళ్ళి చేసుకొంటే నా బిడ్డలందరూ ఒక అరిగిన గింజను మోస్తారే తప్ప ఆ జబ్బు వారికి రాదని, మేనమామ కొడుకులో కూడా అదే గింజ ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుందని నాకు తెలిసింది. అంధత్వమంతా వంశపారంపర్యం కాదు. మేనరికాలన్నిటిలోనూ ఇట్లా జరగదు. కాని మా ఇంటి సంగతి అది. నేను ఆ సంబంధం వద్దన్నాను. పెద్దలకు కోపం వచ్చింది. వారి ఎదుట అమ్మా నాన్నగారూ నా పక్కన నిలబడ్డారు.

ఈ విషయంలో మౌనం ఎంత ఖరీదైనదో హెలెన్ కెల్లర్ జీవితం కూడా చెబుతుంది. చూపు, వినికిడి రెండూ లేని ఆ మహనీయురాలి పేరు మీలో చాలామంది విని ఉంటారు. తల్లికి ఉన్న సుఖవ్యాధి ప్రసవ సమయంలో బిడ్డ కళ్ళకు సోకి ఆ రోజులలో ఎందరో శిశువులు అంధులయ్యేవారు. పుట్టగానే బిడ్డ కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఆ అంధత్వాన్ని నివారించవచ్చునని జర్మన్ వైద్యుడు కార్ల్ క్రెడె 1881లో ప్రకటించాడు. ఉపాయం తెలిసినా, ఆ వ్యాధి పేరెత్తటం అమర్యాద కనుక తల్లులకు ఎవరూ చెప్పలేదు. 1907లో హెలెన్ కెల్లర్ అమెరికాలోని ఒక ప్రసిద్ధ మహిళా పత్రికలో ఆ మౌనాన్ని ఛేదిస్తూ వ్యాసం రాసింది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్ళలో శుక్లాలు ఏర్పడవచ్చునని 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. ఆ టీకా నేడు మన దేశంలో పిల్లలందరికీ ఇస్తున్నారు. ప్రత్యుత్పత్తి ఆరోగ్యాన్ని గురించిన జ్ఞానం చూపును కాపాడగలదు కూడా.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలోని 10వ విభాగం, ప్రత్యుత్పత్తి గురించి, కుటుంబ నియంత్రణ గురించి తగిన సమాచారం వారికి అందేటట్లు ప్రభుత్వం చూడాలని చెప్పింది. వారి స్వేచ్ఛాపూర్వకమైన సమ్మతి లేకుండా సంతాన శక్తిని పోగొట్టే ఏ చికిత్సా చేయరాదని కూడా శాసించింది. నాటి బంధువు సలహాకు అమ్మ చెప్పిన సమాధానం ఇప్పుడు చట్టంలో ఉన్నది. సదుపాయాలు కూడా పెరిగాయి. రోజులు లెక్కపెట్టే పని నేడు మాట్లాడే ఫోను చేస్తున్నది. జర్మనీలో ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే స్త్రీవైద్య నిపుణుడు, చూపు లేని స్త్రీలకు శిక్షణ ఇచ్చి, వారి వేళ్ళ నేర్పుతో రొమ్ములోని చిన్న గడ్డలను గుర్తింపజేసే పద్ధతిని రూపొందించాడు. ఢిల్లీలో కూడా చూపు లేని స్త్రీలు ఆ శిక్షణ పొందారు. శరీరాన్ని ముట్టుకొని తెలుసుకోవటం ఒకనాడు మాకు నిషేధం. నేడు కొందరికి అది ఇతరుల ప్రాణాలు నిలిపే వృత్తి.

అయినా ఇంటి పని ఇంటిదే. నేను ఇప్పుడు ఒక బాలికల పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. చూపు లేని పిల్లల తల్లిదండ్రులు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటారు. "ఇవన్నీ చెపితే పిల్లలు చెడిపోరా?" అని వారి మొదటి ప్రశ్న. తెలియని పిల్లలే ఎక్కువగా మోసపోతారని చెప్తాను. "ఎప్పుడు మొదలు పెట్టాలి?" అని రెండవ ప్రశ్న. స్నానం చేయించేటప్పుడు చెవి, ముక్కు అని పేర్లు చెప్తారు కదా, ఆ వరుసలోనే తక్కిన పేర్లూ చెప్పమంటాను. పదేళ్ళకు శరీరంలో రాబోయే మార్పులు చెప్పమంటాను. ఒకసారి చెప్పి ఊరుకోక ఏటేటా మళ్ళీ చెప్పమంటాను. మట్టి, గుడ్డ, పిండి - ఇంట్లో ఉన్నదానితోనే నమూనా చేయమంటాను. ఆడపిల్లకు తల్లి, మగపిల్లవాడికి తండ్రి అనే విభజన సౌకర్యం కోసమే తప్ప నియమం కాదనీ, కొడుక్కి బహిష్టు గురించి, కూతురికి మగవారి శరీరం గురించి కూడా తెలియాలనీ చెప్తాను.

మూడవ ప్రశ్న చాలామంది అడగరు; కాని వారి గొంతులో వినిపిస్తుంది. "మాకు నోరు రావటం లేదు, ఏం చేయాలి?" అన్నదే ఆ ప్రశ్న. దానికి నా దగ్గర ఉపదేశం లేదు. అమ్మ పోయి ఏడేళ్ళయింది. ఆనాటి క్యాసెట్టును నేను ఫోనులోకి ఎక్కించుకొని దాచుకొన్నాను. ఆ తల్లిదండ్రులకు దానిని వినిపిస్తాను. మొదటి పుటలో అమ్మ గొంతు ఆగి ఆగి సాగుతుంది. మధ్యలో ఒకచోట దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలు పెడుతుంది. నాలుగవ పుట వచ్చేసరికి ఆ గొంతులో తడబాటు ఉండదు. వంట ఎట్లా చేయాలో చెపుతున్నంత మామూలుగా ఉంటుంది. వారు మాట్లాడకుండా చివరిదాకా వింటారు. కొందరు దానిని తమ ఫోనులోకి పంపమని అడుగుతారు. నేను పంపను. మీ బిడ్డకు మీ గొంతే వినిపించమని చెప్తాను.